పక్షవాతం వచ్చిన మనిషిని మళ్లీ నలుగురిలోకి తీసుకెళ్లాలంటే

కాలు పూర్తిగా బాగయ్యాక బయటికి తీసుకెళ్దాంలే అని ఆగకండి. డాక్టరు, ఫిజియోథెరపిస్టు నడవొచ్చన్న రోజు నుంచే మొదలుపెట్టండి. ఇంట్లో చేయించే వ్యాయామం మానొద్దు. కానీ వీధిలో ఎత్తుపల్లాలుంటాయి, ఎదురుగా ఆటో వస్తుంది, ఎవరో పలకరిస్తారు. వాటన్నిటినీ చూసుకుంటూ అడుగు వేయడం వీధిలోనే వస్తుంది.

మా ఆయనకు కుడివైపు పడింది, మాట కూడా పోయింది. ఆర్టీసీ డ్రైవరుగా చేసిన మనిషి. తిరుపతి బైరాగిపట్టెడలో మా వీధి చివరి టీ కొట్టు దగ్గరే ఆయన స్నేహితులంతా. అందుకే ముందు అక్కడికే తీసుకెళ్లాను. మీరూ మీ మనిషికి ఇష్టమైన చోటే ఎంచుకోండి.

చొక్కా తొడిగేటప్పుడు పడిపోయిన చెయ్యి ముందు, విప్పేటప్పుడు చివర. హవాయి చెప్పులు వద్దు, వెనక పట్టీ ఉన్నవి వేయండి. కర్ర బాగున్న చేతిలో ఉండాలి. మీరు పడిపోయిన వైపు, కాస్త వెనగ్గా నడవండి. ఆ చెయ్యి పట్టి లాగొద్దు, చంకలో చెయ్యి వేసి లేపొద్దు. పట్టు తప్పిన భుజం కీలు జారితే ఆ నొప్పి నెలల తరబడి వదలదు. మెట్టు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు పడిన కాలు ముందు. మన తిరుపతి ఎండలకు వేసవిలో పొద్దున్నే వెళ్లి రావాలి.

మింగడం కష్టంగా ఉంటే టీ, నీళ్లలాంటి పల్చటివి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. డాక్టరును అడిగాకే ఇవ్వండి.

నడక కంటే మాట దగ్గరే ఎక్కువ ఓపిక కావాలి. నేను ముందుగా వెళ్లి ఆయన స్నేహితులకు చెప్పాను: "అన్నా, మీరు చెప్పేది ఆయనకు అర్థమవుతుంది, మాటే వెంటనే రాదు. ఒకరి తర్వాత ఒకరు మాట్లాడండి. గట్టిగా అరవొద్దు, మాట అందించొద్దు, కాసేపు ఆగండి." ఆయన బదులు నేను జవాబు చెప్పను. టీ డబ్బులూ ఆయనే ఎడమ చేత్తో తీసిస్తారు. "అయ్యో పాపం" అంటే మనిషి ముడుచుకుపోతారు. అదే తిరుమల ఘాట్ రోడ్డు మలుపుల గురించి అడిగితే చేత్తో స్టీరింగ్ తిప్పి చూపిస్తారు, మధ్యలో ఒక్కో మాట దానంతటదే వస్తుంది. అలాంటి ప్రశ్నలే అడగమనండి.

ఇంటికొచ్చి పడుకుంటే బద్ధకం అనుకోకండి, పక్షవాతం తర్వాత అలసట నిజంగానే ఎక్కువ. ఇష్టమైన చోటికి కూడా రానంటూ రోజుల తరబడి దిగులుగా ఉంటే మాత్రం డాక్టరుకు చెప్పండి. సుమారు ముగ్గురిలో ఒకరికి డిప్రెషన్ వస్తుంది, దానికి మందులున్నాయి.

టీ కొట్టు వాళ్లకు, పక్కింటివాళ్లకు ఇదీ నేర్పండి: పక్షవాతం మళ్లీ వచ్చి మూతి వంకరపోయినా, కొత్తగా చెయ్యి వాలిపోయినా, ఉన్న మాట ఇంకా తడబడినా వెంటనే 108కి ఫోన్ చేయాలి, ఎప్పుడు మొదలైందో టైమ్ గుర్తుపెట్టుకోవాలి. రక్తం గడ్డను కరిగించే ఇంజెక్షన్ మామూలుగా 4.5 గంటల్లోపే ఇస్తారు.