సైన్యంలో సర్వైవల్ శిక్షకుడు కావాలంటే: గోదావరి జిల్లాల యువతకు దారి

అడవిలో, మంచులో, వరద నీటిలో ప్రాణం నిలుపుకోవడం నేర్పే శిక్షకుల పోస్టులకు సైన్యం విడిగా నోటిఫికేషన్ ఇవ్వదు. ముందు సైనికుడు కావాలి, ఆ తర్వాతే ఉస్తాద్. జవాన్లు శిక్షకుణ్ణి అలాగే పిలుస్తారు. నేరుగా ట్రైనర్ పోస్టు ఇప్పిస్తామని అమలాపురంలోనో భీమవరంలోనో ఎవరైనా డబ్బు అడిగితే, మర్యాదగా లేచి వచ్చేయండి.

1. సైన్యంలో చేరడం

జవానుగా చేరేందుకు అగ్నివీర్ దారి ఉంది. పదిహేడున్నరేళ్లు నిండి, పదో తరగతిలో మొత్తం మీద 45 శాతం, ఒక్కో సబ్జెక్టులో 33 శాతం మార్కులు ఉంటే జనరల్ డ్యూటీకి దరఖాస్తు చేయవచ్చు. గరిష్ఠ వయసు నోటిఫికేషన్‌లో చూసుకోండి. ముందు ఆన్‌లైన్ రాతపరీక్ష, తర్వాత ర్యాలీలో 1.6 కిలోమీటర్ల పరుగు, పుల్ అప్స్, తొమ్మిది అడుగుల గుంత దూకడం ఉంటాయి.

2022లో వచ్చిన ఈ పథకంలో సర్వీసు నాలుగేళ్లే. ఆ తర్వాత 25 శాతం మంది వరకే రెగ్యులర్ సర్వీసులోకి తీసుకుంటారు. ఉస్తాద్ కావాలనుకునేవారు ఆ పావు వంతులో నిలవాలి. ర్యాలీ గెలిస్తే చాలనుకునేవారికి ఈ సంగతి ఆలస్యంగా తెలుస్తుంది. అధికారి హోదా కోరుకుంటే ఇంటర్ తర్వాత ఎన్‌డీఏ (నేషనల్ డిఫెన్స్ అకాడమీ), డిగ్రీ తర్వాత సీడీఎస్ (కంబైన్డ్ డిఫెన్స్ సర్వీసెస్) ప్రవేశ పరీక్ష రాయవచ్చు.

సలహా కావాలంటే తాడేపల్లిగూడెం దగ్గరి మిలిటరీ మాధవరం వెళ్లండి. రెండు ప్రపంచ యుద్ధాలకూ సైనికులను పంపిన ఊరది. అక్కడి మాజీ సైనికులతో ఒక పూట మాట్లాడితే కోచింగ్ ప్రకటనల్లో దొరకని విషయాలు తెలుస్తాయి.

2. చేరకముందే మొదలుపెట్టవలసినవి

లంక గ్రామాల పిల్లలకు నీళ్లంటే బెదురు ఉండదు. గుట్ట ఎక్కడమే కొత్త. కాలువ గట్టు మీద ఎంత పరుగెత్తినా తొడలకు ఎత్తు అలవాటు కాదు. వీలైనప్పుడల్లా మారేడుమిల్లి వైపు వెళ్లి, వీపున బరువు వేసుకుని నడవండి.

అంతకన్నా పెద్ద అడ్డంకి హిందీ. పాఠం చెప్పేది హిందీలో, వినేవారు దేశం నలుమూలల వారు. కండ ఎంతున్నా మాట తడబడితే ఉస్తాద్ కాలేరు. కళాశాలలో ఎన్‌సీసీ ఉంటే చేరండి. జూనియర్లకు డ్రిల్ నేర్పే అవకాశం మొదట అక్కడే వస్తుంది.

3. కోర్సు, గ్రేడింగ్

యూనిట్‌లో కుదురుకున్నాక కోర్సులకు పేరు పంపేది పైఅధికారులే. అడవి యుద్ధానికి మిజోరంలోని వైరెంగ్టేలో, మంచు కొండలకు కశ్మీర్‌లోని గుల్మార్గ్‌లో, కమాండో శిక్షణకు కర్ణాటకలోని బెళగావిలో సైన్యం శిక్షణ కేంద్రాలున్నాయి. పాస్ కావడం సరిపోదు, శిక్షకుడిగా పనికివస్తాడని గ్రేడింగ్ రావాలి. ఆ గ్రేడింగ్ ఉన్నవారినే తిరిగి నేర్పడానికి పిలుస్తారు.

4. నేర్పడం నేర్చుకోవడం

నా దృష్టిలో అసలు పరీక్ష ఇదే. టార్పాలిన్‌లో బట్టలు, బూట్లు మూటగట్టి, దాన్ని పట్టుకుని కాలువ దాటించే పాఠాన్నే తీసుకోండి. ముందు మాట్లాడకుండా ఒకసారి చేసి చూపాలి. రెండోసారి ప్రతి కదలికనూ చెబుతూ చేయాలి: మూతిని మెలితిప్పి, వెనక్కి మడిచి, ఆ మడత మీద తాడు బిగించాలి. మడవకుండా కడితే నీరు లోపలికి పాకుతుంది. మూడోసారి వాళ్లచేత కట్టించి, చివరికి కళ్లకు గంతలు కట్టి కట్టించాలి. సాధనకు లోతు తక్కువ నీళ్లు చాలు. ఒడ్డున ఈత వచ్చినవారు ఉండాలి. వరద గోదావరిలో ప్రయోగాలు వద్దు.

అపోహలు పోగొట్టడమూ శిక్షకుడి పనే. కోరంగి మడ అడవుల్లో చుట్టూ నీళ్లే, తాగడానికి చుక్క ఉండదు. మరిగిస్తే సరి అనేవారు తప్పకుండా ఉంటారు. మరిగిస్తే క్రిములు చస్తాయి, ఉప్పు పోదు; ఆవిరిని పట్టి చల్లార్చిన నీరే పనికొస్తుంది. పాముకాటు పాఠమూ ఇలాంటిదే. కోయడం, నోటితో పీల్చడం, తాడుతో బిగించడం మానిపించి, కాలో చెయ్యో కదలకుండా ఉంచి ఆసుపత్రికి చేర్చడం అలవాటు చేయాలి. ఇవన్నీ మీరే చెప్పేయకండి. ప్రశ్న అడిగి, వాళ్లచేత తప్పు సమాధానం చెప్పించి, అప్పుడు సరిదిద్దండి.