కారు ముందు అద్దం మార్చడం, పాఠం 2: పాత అద్దం తీయడం

పోయిన పాఠంలో మీ కారు ముందు అద్దాన్ని పట్టుకుని ఉన్నది రబ్బరు పట్టీయా, గమ్మా అని తెలుసుకోవడం చూశాం. రబ్బరు పట్టీ అయితే, అంటే బాగా పాత కారు అయితే, ఇంకొకరి సాయంతో మీరే నిశ్చింతగా తీసి పెట్టుకోవచ్చు, అందులో పెద్ద ప్రమాదం లేదు. ఈ పాఠం గమ్ముతో అతికించిన అద్దాల గురించి. ఇప్పుడు రోడ్డు మీద తిరిగే కార్లలో దాదాపు అన్నీ ఈ రకమే.

పనిముట్లు పట్టుకునే ముందు ఒక్కసారి కారులో కూర్చుని, వెనక వచ్చే బండ్లను చూసుకునే లోపలి అద్దం వెనక చూడండి. అక్కడ కెమెరా ఉంటే, అంటే లేన్ దాటితే హెచ్చరించడం, తనంతట తనే బ్రేకు వేయడం లాంటివి మీ కారులో ఉంటే, ఈ పని షాపుకే ఇవ్వండి. కొత్త అద్దం పెట్టాక ఆ కెమెరాను మళ్లీ క్యాలిబ్రేట్ చేయాలి, అంటే దాని చూపు సరిచేయాలి, ఆ పరికరాలు ఇంట్లో ఉండవు. కెమెరా చూపు కొద్దిగా పక్కకు జరిగినా దూరంలో ఉన్న బండిని తప్పుగా అంచనా వేస్తుంది. వాన సెన్సర్ ఒక్కటే ఉంటే ఫర్వాలేదు, దాని కింద ఉండే జెల్ ప్యాడ్ కొత్తది వేస్తే చాలు.

ఇంత జాగ్రత్త ఎందుకంటే, ఈ అద్దం గాలి, వాన ఆపడానికి మాత్రమే కాదు. కారు పల్టీ కొడితే పైకప్పు నలిగిపోకుండా కొంత బరువు ఇదే మోస్తుంది. చాలా కార్లలో డ్రైవరు పక్క సీటు ఎయిర్‌బ్యాగు ముందు ఈ అద్దానికి తగిలి, దాని ఆసరాతోనే మనిషి వైపు తెరుచుకుంటుంది. గమ్ము సరిగా పట్టకపోతే ఆ దెబ్బకు అద్దమే ఊడి బయట పడుతుంది.

సరే, మీరే చేద్దామనుకున్నారు. వైపర్ చేతులు, వాటి కింద ప్లాస్టిక్ కవరు, అంచు మోల్డింగు, లోపల రెండు పక్కల స్తంభాల కవర్లు విప్పేయండి. ఆ స్తంభాల్లో కర్టెన్ ఎయిర్‌బ్యాగ్, అంటే పక్క కిటికీలకు అడ్డంగా తెరలా తెరుచుకునేది, ఉంటే బ్యాటరీ తీసి, కారు మాన్యువల్‌లో చెప్పినంత సేపు ఆగాకే వాటి జోలికి వెళ్లండి. డ్యాష్‌బోర్డు మీద మందపాటి దుప్పటి పరవండి, ఫ్రేము చుట్టూ పెయింటు మీద రెండు పొరలు మాస్కింగ్ టేపు వేయండి. చేతికి గ్లవ్స్, కంటికి అద్దాలు తప్పనిసరి. ముందు అద్దం రెండు గాజు పలకల మధ్య ప్లాస్టిక్ పొరతో చేసింది కాబట్టి పక్క అద్దంలా ముక్కలై రాలదు, కానీ పగిలిన చోట సన్నని గాజు నలుసులు రాలుతూనే ఉంటాయి.

కోయడానికి కత్తి కన్నా తీగ మేలు, ముఖ్యంగా మొదటిసారి చేసేవాళ్లకు. గమ్ములో ఒక చోట సూదిలాంటి పనిముట్టుతో కన్నం చేసి తీగ లోపలికి పంపండి. ఒకరు లోపల, ఒకరు బయట, చెరో కొసకు పిడి కట్టుకుని రంపం లాగినట్టు లాగుతూ పోవాలి. తీగ ఎప్పుడూ గాజుకు ఆనుకుని నడవాలి, ఇనుము వైపు ఒరగకూడదు. మూలల దగ్గర తొందరపడితే తీగ తెగుతుంది, కింద డ్యాష్‌బోర్డు వైపు చేయి దూరదు, అక్కడ ఓపిక పట్టాల్సిందే. పూర్తిగా తెగకముందే లివరు పెట్టి పైకి ఎత్తకండి, ఫ్రేము అంచు వంగితే తర్వాత ఏ అద్దమూ సరిగా కూర్చోదు. తెగాక సక్షన్ కప్పులు పెట్టి ఇద్దరూ కలిసి ఎత్తండి.

ఇక అసలు పని ఇక్కడుంది. ఫ్రేము మీద మిగిలిన పాత గమ్మును ఇనుము కనిపించేదాకా గీకేస్తే పని శుభ్రంగా ఉంటుందని చాలామంది అనుకుంటారు, అది తప్పు. 1 నుంచి 2 మిల్లీమీటర్ల మందం ఉంచి, పైభాగాన్ని పదునైన బ్లేడుతో సమంగా కోయండి. ఈ అద్దాలకు వాడే గమ్మును యూరిథేన్ అంటారు. కొత్త యూరిథేన్ గమ్ము, గట్టిగా పట్టి ఉన్న పాత యూరిథేన్ మీద బ్రహ్మాండంగా అతుక్కుంటుంది. ఈ కోత కొత్త అద్దం పెట్టే రోజే, పెట్టే ముందే చేయాలి. కోసిన చోట వేలు ఆనించకండి, పెట్రోలు, థిన్నరు లాంటివి రాయకండి. చేతి జిడ్డు చాలు పట్టు పోవడానికి.

బ్లేడు జారి పెయింటు మీద గీత పడితే, ఎంత చిన్నదైనా, గమ్ము కంపెనీ చెప్పిన ప్రైమరే (గమ్ము కింద ముందుగా రాసే పూత) పలచగా రాసి, డబ్బా మీద రాసినంత సేపు ఆరనివ్వండి. ఆ గీత అలాగే వదిలేస్తే గమ్ము కింద ఎవరికీ కనపడకుండా తుప్పు పాకి, కొన్నేళ్లకు నీళ్లు కారడం మొదలవుతుంది. తీసేటప్పటికే తుప్పు కనిపించిందా, అక్కడితో ఆపి బాడీ పనివాళ్లకు చూపించండి. ఇంకోటి, పాత గమ్ము స్థానంలో మెత్తగా సాగే సిలికాన్ కనిపిస్తే ఎవరో అంతకుముందు తప్పుగా అతికించారన్నమాట. దాన్ని మాత్రం మచ్చ లేకుండా తీసేయాలి, సిలికాన్ మీద యూరిథేన్ పట్టదు.

షాపుకు ఇచ్చేవాళ్లు కూడా ఇదంతా తెలుసుకుని వెళ్లండి. గీతలకు ప్రైమరు రాస్తారా, ఏ గమ్ము వాడతారు, బండి ఎన్ని గంటల తర్వాత నడపవచ్చు అని అడగండి. ఆ సమయం గమ్మును బట్టి, ఆ రోజు వేడి, గాలిలో తేమను బట్టి గంట లోపు నుంచి ఒక రోజు దాకా మారుతుంది. గమ్ము పేరు చెప్పకుండా వెంటనే తీసుకెళ్లిపోవచ్చు అనేవాళ్ల దగ్గర చేయించకండి.

పాఠం 3లో గమ్ము వేయడం, అద్దం కూర్చోబెట్టడం. ఆ లోపు కొత్త అద్దం తెప్పించుకుని, సెన్సర్ చోటు, లోపలి అద్దం తగిలించే బిళ్ల, యాంటెనా తీగ పాతదానితో సరిపోయాయో లేదో పక్కపక్కన పెట్టి చూడండి. గమ్ము ట్యూబు మీద గడువు తేదీ చదవండి, దాటిపోయి ఉంటే తిరిగి ఇచ్చేయండి.