35 దారులకు 5040 అని రాశాను

అడ్డంగా 4, నిలువుగా 3 గడులున్న గ్రిడ్‌లో ఎడమ కింది మూల నుంచి కుడి పై మూలకు, గీతల వెంట అతి దగ్గరి దారులు ఎన్ని? ఏ దారిలో వెళ్లినా 7 అడుగులే కదా, ప్రస్తారాలు (వరుసగా అమర్చే తీరులు) 7!, అంటే 7×6×5×4×3×2×1 అనుకుని 5040 రాసేశాను. జవాబు తప్పు.

తప్పెక్కడో దొరక్క, 2×2 గ్రిడ్ గీసి వేలితో లెక్కపెట్టాను. 6 దారులే వచ్చాయి. నా పద్ధతిలో అయితే 4!, అంటే 24 రావాలి. అప్పుడు వెలిగింది. కుడికి వేసే అడుగును క, పైకి వేసేదాన్ని ప అనుకుంటే ప్రతి దారీ కకకకపపప అక్షరాల ఒక అమరిక. రెండు క లను తారుమారు చేసినా దారి మారదు. నేను మాత్రం ఒకే దారిని 4!×3!, అంటే 144 సార్లు లెక్కేశాను. 5040ని 144తో భాగిస్తే 35.

మధ్యలో ఒక కూడలి మూసేస్తే? 2 కుడికి, 1 పైకి ఉన్న కూడలి అనుకోండి. అక్కడికి 3 దారులు, అక్కడి నుంచి గమ్యానికి 6. 35లోంచి ఆ 3×6, అంటే 18 తీసేస్తే 17.

ఇంకో మాట: గడులు లెక్కపెట్టాలి, చుక్కలు కాదు. అడ్డంగా 5 చుక్కలుంటే అడుగులు 4 మాత్రమే. అక్కడా ఓసారి బోల్తా పడ్డాను లెండి.