ఎండాకాలంలో పెరట్లోకి కోళ్లు తెచ్చే ముందు

మే నెలలో హైదరాబాద్‌ ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. కోళ్లకు చెమట పట్టదు, ఒళ్లు చల్లబరుచుకోడానికి నోరు తెరిచి రొప్పడమే వాటికి ముఖ్యమైన దారి. అందుకే ముందే ఇవి చూసుకోండి.

• గూడు మీద పడమటి ఎండ పడకూడదు. వేపచెట్టు నీడ దొరికితే అంతకంటే ఏం కావాలి! ఒట్టి రేకుల కప్పు వద్దు. తప్పకపోతే పైన వరిగడ్డి పరిచి, మధ్యాహ్నం తడపండి. గాలి బాగా ఆడాలి. జాలీ గట్టిదై ఉండాలి, రాత్రిపూట పిల్లులు, ముంగిసలు వస్తాయి.
• నీళ్లు మట్టి మూకుళ్లలో, నీడలో, రెండు మూడు చోట్ల పెట్టండి. మేత పొద్దున్నే, మళ్లీ చల్లబడ్డాక.
• కొక్కెర తెగులు (కోళ్ల ప్రాణం తీసే రాణిఖేత్ వ్యాధి) టీకా వేశారా? అమ్మేవాళ్లను అడగకుండా కొనకండి.
• రకం: రాజేంద్రనగర్‌ కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించిన వనరాజా, గ్రామప్రియ పెరటికి సరిపోతాయి.
• తోటకూర, పాలకూర మడుల చుట్టూ వల కట్టారా? కోళ్లు గీకితే నారు ఒక్క పూటలో పోతుంది, చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.
• పచ్చి కోడిపెంట మొక్కలకు వేయకండి, వేర్లు మాడతాయి. ఎండుటాకులతో కలిపి కొన్ని నెలలు మాగనివ్వండి.
• పురుగుమందు కొట్టిన మడివైపు కోళ్లను అసలు వదలకండి.
• కోళ్లను తెల్లవారుజామునే ఇంటికి తీసుకురండి.