పెద్దవాళ్ల గుండె లయ తప్పుతోందా? మందుల షాపులోనే ఫార్మసిస్టు కనిపెట్టడం ఎలా

బీపీ, షుగర్ మాత్రల కోసం నెలనెలా వచ్చే పెద్దవాళ్లు డాక్టర్ కన్నా ఎక్కువసార్లు కలిసేది ఫార్మసిస్టునే. ఆ పరిచయంతోనే ఒక పెద్ద ప్రమాదాన్ని ముందుగా పట్టుకోవచ్చు.

ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అనే గుండె లయ తప్పే జబ్బు ఉంటే గుండె పై గదులు సరిగ్గా ముడుచుకోకుండా వణుకుతుంటాయి. రక్తం అక్కడే నిలిచి గడ్డకట్టొచ్చు. ఆ గడ్డ మెదడుకు చేరితే పక్షవాతమే. ఇది ఉన్నవాళ్లకి ఆ ముప్పు దాదాపు 5 రెట్లు ఎక్కువ. బాధేమిటంటే చాలామందికి దడ కూడా అనిపించదు. "నాకేం లేదు బాబూ, బానే ఉన్నా" అనే పెద్దాయనకే ఇది ఉండొచ్చు. సిడ్నీలో 10 ఫార్మసీల్లో 65 దాటిన 1000 మందికి నాడి, ఈసీజీ చూసి 2014లో వెల్లడించిన అధ్యయనంలో 1.5 శాతం మందికి ఇది కొత్తగా బయటపడింది.

ఎవరిని చూడాలి?

65 దాటినవాళ్లని అడగండి. బీపీ, షుగర్, గుండె జబ్బు ఉన్నవాళ్లని అసలు వదలొద్దు. ఏం చేయబోతున్నారో చెప్పి, వాళ్లు సరేనన్నాకే మొదలుపెట్టండి. ఇదివరకే ఈ జబ్బు ఉందా, పేస్‌మేకర్ ఉందా అనేది ముందే కనుక్కోండి.

నాడి పట్టడం

నడిచొచ్చిన మనిషిని 5 నిమిషాలు కూర్చోనివ్వండి. చెయ్యి బల్ల మీద, అరచెయ్యి పైకి. బొటనవేలి మొదలు కింద మణికట్టు ఎముక పక్కన చిన్న గుంట ఉంటుంది. చూపుడువేలు, మధ్యవేలు అక్కడ మెల్లగా ఆనించండి. మీ బొటనవేలితో చూస్తే మీ నాడే మీకు తగులుతుంది. గట్టిగా నొక్కితే నాడి అందదు.

30 సెకన్లు చూడండి. ఈ సమయంలో లెక్క కన్నా వరస ముఖ్యం. మామూలు నాడి గడియారం ముల్లులా ఒకే తీరున నడుస్తుంది. ఈ జబ్బులో రెండు దెబ్బలు గబగబా పడి, ఒక ఖాళీ వచ్చి, ఒకటి గట్టిగా, ఇంకొకటి తగిలీ తగలనట్టు, ఏ వరసా లేకుండా ఉంటుంది. అనుమానం వస్తే నిమిషం నిండా చూడండి. ఎప్పుడో ఒక దెబ్బ తప్పడం వేరు, అది చాలామందిలో ఉంటుంది.

బీపీ మిషన్ మీద లయ తప్పిందని చూపే గుండె బొమ్మ మెరిస్తే అది సూచన మాత్రమే. దాన్ని బట్టి జబ్బు ఉందనీ లేదనీ చెప్పకూడదు.

ఈసీజీ పట్టీ

చేతిలో పట్టుకునే చిన్న ఈసీజీ పరికరం ఉంటే 30 సెకన్ల రికార్డు తీయండి. వేళ్లు పొడిబారితే గీత సరిగా రాదు, కొంచెం తడి చేయండి. చేతులు వణికే పెద్దవాళ్ల మోచేతులు బల్లకి ఆనించండి. మాట్లాడొద్దని, కదలొద్దని చెప్పండి. వణుకు వల్ల వచ్చిన గీతని లయ తప్పినట్టు పొరబడటం మామూలే. సందేహమొస్తే మళ్లీ తీయండి.

ఆ తర్వాత మాట

నా దృష్టిలో పని అసలు చెడేది ఇక్కడే. జబ్బు నిర్ధారణ డాక్టర్‌ది. ఫార్మసిస్టు "మీకు గుండె జబ్బు" అంటే ఆ మనిషి టెన్షన్‌తో ఇల్లు చేరతారు. ఏమీ అనకుండా పంపితే డాక్టర్ దగ్గరికే వెళ్లరు. "మీ నాడి కాస్త వరస తప్పింది, కారణం డాక్టర్ చూడాలి, ఈ కాగితం చూపించండి" అనండి. కాగితంలో తేదీ, నాడి వేగం, బీపీ, వాడుతున్న మందులు రాసి, ఈసీజీ పట్టీ జత చేయండి. ఈ వారంలోనే వెళ్లాలని తోడొచ్చినవాళ్లకీ చెప్పండి.

ఛాతీ నొప్పి, ఆయాసం, స్పృహ తప్పడం, మూతి వంకర పోవడం, మాట తడబడటం, చెయ్యి లేవకపోవడం వీటిలో ఏదున్నా వారం ఆగకూడదు. వెంటనే అంబులెన్స్ పిలవండి.

రక్తం పలచబరచే మందు సరిగ్గా వాడితే పక్షవాతం ముప్పు సుమారు మూడింట రెండొంతులు తగ్గుతుంది. కానీ ఎవరికి, ఏది, ఎంత అనేది డాక్టరే చూస్తారు. ఆస్పిరిన్ దీనికి ప్రత్యామ్నాయం కాదు, ఎవరూ సొంతంగా మొదలుపెట్టకూడదు. మందు మొదలైనవాళ్లు మోకాళ్ల నొప్పికి డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి అడిగితే ఇచ్చేయొద్దు. రక్తం పలచబరచే మందుతో ఇవి కలిస్తే రక్తస్రావం జరిగే ప్రమాదం పెరుగుతుంది.

నాడి బాగుందని తేలినా ఒకసారితో వదిలేయకండి. లయ తప్పడం కొందరిలో వచ్చి పోతుంటుంది. వచ్చే నెల మాత్రలకి వచ్చినప్పుడు ఇంకోసారి చెయ్యి పట్టుకుని చూడండి. కాగితం తీసుకుని వెళ్లినవాళ్లని "డాక్టర్ ఏమన్నారండీ?" అని తప్పకుండా అడగండి.