అమెరికాలో రేడియాలజిస్ట్ మాట చట్టసభ దాకా చేరాలంటే ఏం చేయాలి?

మా రాష్ట్ర చట్టసభ కమిటీ ముందు మొదటిసారి కూర్చున్న రోజు, నన్ను అడిగిన మొదటి ప్రశ్న: "స్కాన్ తీసేది మీరేనా డాక్టర్?" అడిగినాయన తప్పేం లేదు. పేషెంట్‌కి కనిపించేది మిషన్ దగ్గర ఉండే టెక్నాలజిస్ట్. వెలుతురు తగ్గించిన గదిలో కూర్చుని ఆ స్కాన్ చూసి, ఏముందో రాసి సంతకం పెట్టే రేడియాలజిస్ట్ అనే డాక్టర్ ఒకరుంటారని చాలామందికి తెలియదు. కనిపించనివాళ్ళ పని మీద చట్టం రాసేటప్పుడు వాళ్ళని కూడా పిలిచి అడుగుదామని ఎవరికి తోస్తుంది? రాష్ట్రాల్లో రేడియాలజిస్టుల సంఘాలు, అంటే స్టేట్ రేడియాలజీ సొసైటీలు చేసే పనిలో సగం ఇదే, మనం ఉన్నామని ముందుగా చెప్పి ఉంచడం.

అమెరికాలో పనిచేస్తున్న మన రేడియాలజిస్టుల కోసం, ముఖ్యంగా రెసిడెన్సీ, ఫెలోషిప్ అనే శిక్షణల్లో ఉన్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. డాక్టర్లు కానివాళ్ళు కూడా చదవండి. మీ స్కాన్ రిపోర్ట్ మీ చేతికి ఎప్పుడు రావాలో తేల్చేది కొన్నిచోట్ల ఈ చట్టాలే.

ముందు సభ్యత్వం సరిచూసుకోండి

రేడియాలజిస్టుల జాతీయ సంఘం అమెరికన్ కాలేజ్ ఆఫ్ రేడియాలజీ 1923లో మొదలైంది. దాని ఆఫీసు వర్జీనియాలోని రెస్టన్‌లో ఉంది. దానికి రాష్ట్రాల వారీగా చాప్టర్లు, అంటే శాఖలున్నాయి. చాలా రాష్ట్రాల్లో ఆ చాప్టరే స్టేట్ రేడియాలజీ సొసైటీ. రెసిడెంట్లకు చాలాచోట్ల ఫీజు ఉండదు. అటెండింగులకు, అంటే శిక్షణ ముగించి ఉద్యోగంలో ఉన్న డాక్టర్లకు, తరచుగా వాళ్ళు పనిచేసే డాక్టర్ల గ్రూపే కట్టేస్తుంది, దాంతో మనం సభ్యులమో కాదో మనకే తెలియకుండా పోతుంది.

ఫీజు కట్టి ఉంటే సరిపోదు, సొసైటీ దగ్గరున్న మీ ఈమెయిల్, ఇంటి అడ్రస్ సరైనవేనా చూసుకోండి. నేను ఉద్యోగంలో చేరాక కూడా సొసైటీ రికార్డులో రెసిడెన్సీ నాటి ఈమెయిలే ఉండిపోయింది. బిల్లుల గురించి వాళ్ళు పంపిన హెచ్చరికలన్నీ రెండేళ్ళపాటు ఎవరూ తెరవని ఇన్‌బాక్స్‌కి వెళ్ళాయి. ఇంటి అడ్రస్ ఇంకా ముఖ్యం. రాష్ట్ర చట్టసభలో మీ సెనేటర్, మీ హౌస్ ప్రతినిధి ఎవరన్నది మీరు ఉండే ఇంటిని బట్టి ఉంటుంది, హాస్పిటల్‌ని బట్టి కాదు. చట్టసభ సభ్యుడికి తన నియోజకవర్గంలో ఉండే మనిషి మాటకీ బయటి మనిషి మాటకీ చాలా తేడా ఉంటుంది.

రాష్ట్రంలో ఏం తేలుతుందో తెలుసుకోండి

వాషింగ్టన్‌లో జరిగేదే అసలు పని అని చాలామంది అనుకుంటారు. ముఖ్యంగా పెద్దవయసు వాళ్ళకి ప్రభుత్వం ఇచ్చే ఇన్సూరెన్స్ మెడికేర్, దాని రేట్లు అక్కడ తేలేవే. కానీ మీ లైసెన్స్, ఏ పని ఎవరు చేయవచ్చన్న నిబంధనలు, ఇన్సూరెన్స్ కంపెనీల మీద చాలా నియమాలు రాష్ట్రం చేతిలో ఉంటాయి. పైగా ఒక రాష్ట్రంలో మొదలైంది దేశమంతా పాకుతుంది.

దీనికి నేను ఎప్పుడూ చెప్పే ఉదాహరణ కనెక్టికట్. అక్కడ నాన్సీ కపెల్లో అనే ఆమెకి మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) నార్మల్ అని వచ్చింది. కొద్ది వారాల్లోనే, 2004లో, బాగా ముదిరిన రొమ్ము క్యాన్సర్ బయటపడింది. ఆమె రొమ్ము కణజాలం డెన్స్‌గా, అంటే దట్టంగా ఉందని, అలాంటప్పుడు మామోగ్రామ్‌లో గడ్డ దాక్కుండిపోవచ్చని ఆమెకి అంతకుముందు ఎవరూ చెప్పలేదు. ఆమె పట్టుబట్టి పోరాడగా, డెన్సిటీ సంగతి పేషెంట్‌కి చెప్పాలని 2009లో కనెక్టికట్ చట్టం చేసింది. 2011లో టెక్సాస్ కూడా చేసింది. తర్వాత ముప్పైకి పైగా రాష్ట్రాలు అదే దారిలో వెళ్ళాయి. మందులు, వైద్య పరికరాల మీద నియమాలు చేసే ఫెడరల్ సంస్థ ఎఫ్‌డీఏ 2023 మార్చిలో దేశమంతటికీ నియమం తెచ్చింది, అది 2024 సెప్టెంబర్ 10 నుంచి అమల్లోకి వచ్చింది. కపెల్లో 2018లోనే చనిపోయారు, దాన్ని చూడలేదు. ఇదంతా మొదలైంది ఒక పేషెంట్ వల్ల. ఆ సంగతి తలచుకుంటే నాకిప్పటికీ మనసు బరువెక్కుతుంది, ఎందుకంటే డెన్సిటీ గురించి ముందు నుంచీ తెలిసినవాళ్ళం మనమే.

సెషన్ తేదీలు రాసిపెట్టుకోండి

టెక్సాస్ చట్టసభ మామూలుగా బేసి సంవత్సరాల్లోనే, అదీ 140 రోజులే కూర్చుంటుంది. కాలిఫోర్నియాలో ఏడాదిలో చాలా భాగం నడుస్తుంది.   మీ రాష్ట్రం లెక్క ఏమిటో చూసుకుని, సెషన్ మొదలవడానికి రెండు మూడు నెలల ముందే మీ చట్టసభ సభ్యుడిని కలవండి. సెషన్ మొదలయ్యాక వాళ్ళకి ఊపిరాడదు. బిల్లు వచ్చాక పరిచయం చేసుకోవడం అంటే పెళ్ళినాడు సంబంధం వెతకడమే.

బిల్లుని రిపోర్ట్ చదివినట్టు చదవండి

ఈ పని మనకి బాగా వచ్చు, ఎవరూ గుర్తుచేయరు గానీ. ఉదాహరణకి పెన్సిల్వేనియా తెచ్చిన 2018 నాటి యాక్ట్ 112 తీసుకోండి. స్కాన్‌లో గమనించాల్సిన తేడా కనిపిస్తే, స్కాన్ చేయించమని రాసిన డాక్టర్‌కి రిపోర్ట్ పంపిన 20 రోజుల్లోగా పేషెంట్‌కి కూడా తెలియజేయాలని అది చెబుతుంది. వినడానికి ఒక్క వాక్యం. కానీ "గమనించాల్సిన తేడా" అంటే ఏది? ముదిరిన వయసులో వెన్నెముకలో వచ్చే అరుగుదల కూడానా? చట్టంలో దానికి నిర్వచనం ఉంది: వివేకం ఉన్న మనిషి ఎవరైనా మూడు నెలల్లోపు మళ్ళీ డాక్టర్‌ని కలవాలనుకునేంతటి తేడా. హాస్పిటల్‌లో చేరి ఉన్నవాళ్ళకీ, ఎమర్జెన్సీలో ఉన్నవాళ్ళకీ చేసే స్కాన్లకి మినహాయింపు ఉంది.

ఇలాంటి నిర్వచనం ఎలా రాశారన్నదాన్ని బట్టే, పేషెంట్‌కి అందే ఉత్తరం పనికొస్తుందా, ఉత్తి టెన్షన్ పెడుతుందా అన్నది ఉంటుంది. అందుకే బిల్లు చేతికి రాగానే నేను ముందు నిర్వచనాల భాగానికి వెళ్తాను. తర్వాత గడువు ఎన్ని రోజులు, ఎవరి మీద బాధ్యత, ఎవరికి మినహాయింపు అన్నవి చూస్తాను. "తప్పనిసరిగా చేయాలి" అని ఉందా, "చేయవచ్చు" అని ఉందా అన్న చోట ఎర్ర పెన్నుతో గీత పెడతాను. సొసైటీ తరఫున చట్టసభ సభ్యులతో మాట్లాడే లాబీయిస్ట్‌కి చట్టసభ ఎలా నడుస్తుందో తెలుసు. ఫాలోఅప్ స్కాన్ ఆరు నెలలకి రాయడానికీ మూడు నెలలకి రాయడానికీ తేడా తెలియదు. అది మనం చెప్పాలి.

ఇన్సూరెన్స్ బిల్లు అయితే ఇంకో సంగతి గుర్తుంచుకోండి. కంపెనీయే సొంత డబ్బుతో ఉద్యోగులకి నడిపే ఇన్సూరెన్స్ ప్లాన్లు 1974 నాటి ఎరీసా అనే ఫెడరల్ చట్టం కిందకి వస్తాయి. ఫలానా స్కాన్‌కి డబ్బు కట్టాలని రాష్ట్రం చట్టం చేసినా వాటికి వర్తించదు. ఇది చెప్పకుండా "ఇక అందరికీ ఫ్రీ" అని పేషెంట్లకి ఆశ పెడితే, తర్వాత బిల్లు వచ్చేది వాళ్ళ ఇంటికే.

మీ సభ్యుడిని కలవండి

రాజధానికి వెళ్ళనక్కర్లేదు, మీ ఊళ్ళో వాళ్ళ ఆఫీసు ఉంటుంది. ఎక్కువసార్లు కలిసేది స్టాఫ్‌లో పాతికేళ్ళ కుర్రాడినో అమ్మాయినో. చిన్నచూపు చూడకండి, ఆ సాయంత్రం సభ్యుడికి నోట్ రాసి ఇచ్చేది వాళ్ళే. బిల్లు నంబర్, మీరేం కోరుతున్నారు, ఎందుకు అన్నవి ఒక్క పేజీలో రాసి ఇవ్వండి. రెండో పేజీ ఎవరూ తిప్పరు.

హాస్పిటల్ పేరు మీద మాట్లాడాలంటే ముందు వాళ్ళ అనుమతి కావాలి. లేకపోతే మీ సొంత అభిప్రాయమనో, సొసైటీ తరఫున అనో స్పష్టంగా చెప్పండి. పేషెంట్ కథ చెబితే పేరు, ఊరు, తేదీ ఏదీ గుర్తుపట్టేలా ఉండకూడదు.

వీసా మీద ఉన్నవాళ్ళు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: మేం ఇందులో దిగవచ్చా? కలవచ్చు, ఉత్తరం రాయవచ్చు, కమిటీ ముందు చెప్పవచ్చు. కానీ హెచ్1బీ, జే1 వీసాల మీద ఉన్నవాళ్ళు ఎన్నికలకి విరాళం ఇవ్వకూడదు. ఇది ఫెడరల్ చట్టం, రాష్ట్ర ఎన్నికలకీ వర్తిస్తుంది. రేడియాలజీ కాలేజ్‌కి అనుబంధంగా ఉన్న రాడ్‌ప్యాక్ లాంటి పొలిటికల్ యాక్షన్ కమిటీలకి (అభ్యర్థులకి ఎన్నికల విరాళాలు ఇచ్చే సంస్థలు) ఇచ్చే డబ్బూ ఇందులోకే వస్తుంది. గ్రీన్ కార్డ్ వచ్చాక ఇవ్వవచ్చు. డిన్నర్‌లో ఎవరో ఫారం చేతిలో పెడితే మొహమాటపడి సంతకం చేయకండి.

కమిటీ ముందు మాట్లాడటం

పేరు నమోదు చేసుకునేటప్పుడు బిల్లుకి అనుకూలమా, వ్యతిరేకమా, తటస్థమా అని రాయాలి. చాలాచోట్ల ఇచ్చేది రెండు మూడు నిమిషాలే. మా దగ్గర బల్ల మీద చిన్న లైటు ఉంటుంది, పచ్చ, పసుపు, ఎరుపు. నా మొదటిసారి నేనెవరో, ఎక్కడ చదివానో చెప్పేసరికే పసుపు వెలిగింది. గొంతు తడారిపోయింది. అసలు మాట చెప్పకుండానే ఎరుపు పడింది.

ఇప్పుడు మొదటి వాక్యంలోనే కోరిక చెప్పేస్తాను, ఈ బిల్లులో ఫలానా సెక్షన్‌లో ఫలానా మాట మార్చమని. తర్వాత ఒక్క పేషెంట్ సంగతి, వివరాలు లేకుండా. చివర్లో, ప్రశ్నలుంటే అడగమని. అంకెలన్నీ రాతపూర్వకంగా ఇచ్చే కాగితంలో ఉంచుతాను. జవాబు తెలియని ప్రశ్న వస్తే "కనుక్కుని రేపు పంపిస్తాను" అనండి, మర్నాడు నిజంగా పంపండి. నామీద వాళ్ళకి నమ్మకం కుదిరింది ఆ ఈమెయిళ్ళతోనే అనుకుంటాను.

సొసైటీలో ఒక చిన్న పని పట్టుకోండి

ప్రెసిడెంట్ కావాల్సిన పనిలేదు. సెషన్ సమయంలో వారానికోసారి కొత్త బిల్లుల జాబితా చూసి, ఇమేజింగ్, రేడియేషన్, మామోగ్రామ్ లాంటి మాటలు వెతికే ఒక్క మనిషి దొరికితే సొసైటీకి అదే పండగ. చదవాల్సిన స్కాన్ల జాబితా ఖాళీ అయిన ఒక సాయంత్రం చాలు. ఆసక్తి పెరిగితే అమెరికన్ కాలేజ్ ఆఫ్ రేడియాలజీ కౌన్సిల్‌కి మీ చాప్టర్ పంపే కౌన్సిలర్లలో ఒకరు కావచ్చు, వార్షిక సమావేశం రోజుల్లో కాపిటల్ హిల్‌కి వెళ్ళి కాంగ్రెస్ సభ్యులని కలవచ్చు. వెళ్ళేటప్పుడు ఒక రెసిడెంట్‌ని వెంట తీసుకెళ్ళండి. ఆ రోజు వాళ్ళ కాల్ డ్యూటీ ఎవరు చూస్తారో ముందే మాట్లాడి పెట్టండి, లేకపోతే ఎవరూ రాలేరు.

గవర్నర్ సంతకం పెట్టాక

ఇక్కడికొచ్చేసరికి అందరూ ఇంటికి వెళ్ళిపోతారు. కానీ చట్టాన్ని ఎలా అమలు చేయాలో రాసేది సాధారణంగా రాష్ట్ర ఆరోగ్యశాఖో, ఇన్సూరెన్స్ శాఖో. ముసాయిదా పెట్టి, అభిప్రాయాలకి కొద్ది వారాల గడువు ఇస్తారు. పేషెంట్‌కి వెళ్ళే ఉత్తరంలో ఏ మాటలుండాలి, ఎంత పెద్ద అక్షరాల్లో ఉండాలి లాంటివి ఇక్కడే తేలవచ్చు. సొసైటీ తరఫున ఆ ముసాయిదా చదివి కామెంట్ రాయడానికి ఇద్దరు ముగ్గురికి మించి దొరకరు. మీ సభ్యుడికి థాంక్యూ ఉత్తరం రాసిన రోజే, ఆ ఇద్దరు ముగ్గురిలో మీ పేరు కూడా రాసుకోమని సొసైటీ ఆఫీసుకి ఒక ఈమెయిల్ పెట్టండి.