రాళ్లను చదవడం – 4వ పాఠం: కరగకుండానే మారిన రాయి

గత పాఠంలో చాకు మొనతో గీసి రాయి గట్టితనం చూడడం నేర్చుకున్నాం. ఆ చాకుతో పాటు ఈసారి ఒక భూతద్దం, సీసాడు నీళ్లు కావాలి. ఒడిశాలోని రాయగడ, గుణుపురం, కొరాపుట్ వైపు ఉండే మనవాళ్లు ఈ పాఠానికి సామగ్రి వెతుక్కుంటూ ఎక్కడికీ పోనక్కరలేదు. చుట్టూ ఉన్న తూర్పు కనుమల్లో ఎక్కువ భాగం రూపాంతర శిలలే, అంటే కరగకుండానే మారిన రాళ్లే.

ఇలాంటి మార్పు గురించి బడిలో కప్ప పాఠంలో చదివే ఉంటారు. అక్కడ దాన్ని రూపవిక్రియ అంటారు. తోక, మొప్పలు పోయి కాళ్లు, ఊపిరితిత్తులు వస్తాయి, ప్రాణి మాత్రం అదే. రాతి విషయంలో ఆ మార్పును రూపాంతరం అంటారు, కానీ ఆ మాట వాడాలంటే షరతులు కఠినం. రాయి భూగర్భంలో వేడికీ ఒత్తిడికీ లోనై, గట్టిగా ఉండగానే అందులోని ఖనిజాలు వేరే ఖనిజాలుగానో, కొత్త అమరికలోకో మారాలి. పూర్తిగా కరిగి మళ్లీ గడ్డకడితే అది అగ్నిశిల. ఎండకూ వానకూ పైపైన చివికితే శైథిల్యం. మారింది కదా అని ప్రతి మార్పునూ రూపాంతరం అనేయకూడదు. సున్నపురాయి పాలరాయిగా, ఇసుకరాయి క్వార్ట్‌జైటుగా, బంకమట్టి రాయి పలకరాయిగా మారడం మీకు తెలిసిన ఉదాహరణలే కాబట్టి వాటి దగ్గర ఆగను.

మనం ఆగవలసింది ఖోండలైట్ అనే రూపాంతర శిల దగ్గర. ఈ కొండల్లో నివసించే కోందు గిరిజనుల పేరు మీద భూగర్భ శాస్త్రవేత్త టి.ఎల్. వాకర్ 1902లో దీనికి ఆ పేరు పెట్టాడు. రోడ్డు పనుల దగ్గర పోసిన రాళ్లలో, కొత్తగా పగిలిన ముఖం ఉన్న ముక్కను ఎంచుకోండి. ఎండలో ఏళ్ల తరబడి పడి ఉన్న రాయి పైకంతా తుప్పు రంగే, అది ఏమీ చెప్పదు. ముక్క మీద నీళ్లు పోసి భూతద్దంతో చూడండి. ముదురు ఎరుపు, ఒక్కోసారి వంగపండు ఛాయ గింజలు కనిపిస్తే అవి గార్నెట్ అనే ఖనిజం కావచ్చు. ఉంగరాల్లో పెట్టే గోమేదికం ఈ జాతిదే. చాకు మొనతో గట్టిగా గీయండి. తుప్పు మచ్చ అయితే పొడి రాలుతుంది, గార్నెట్ మీద గీత పడదు. వాటి మధ్య ఒకే దిక్కుకు వాలి ఉన్న సన్నని తెల్లని సూదులు సిల్లిమనైట్ అనే ఖనిజం. చివికిన ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం కూడా తెల్లగానే ఉంటుంది కానీ గోటితో గీకితే మట్టిలా రాలుతుంది. వేలికి బూడిద రంగు అంటించే మెరుపు రేకులు గ్రాఫైట్. మిగిలిన గాజు మెరుపు గింజలు పలుగురాయి.

ఈ రాయి ఒకప్పుడు బంకమన్ను, ఇసుక కలిసిన అవక్షేపం. బంకమన్నులో అల్యూమినియం ఎక్కువ. సుమారు 100 కోట్ల ఏళ్ల కిందట భూమి లోతుల్లో 800 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడికి అందులోని నీరు బయటికి పోయి, అభ్రకం విచ్ఛిన్నమై గార్నెట్, సిల్లిమనైట్ ఏర్పడ్డాయి. నాటి బురదలోని జీవుల అవశేషాల కర్బనమే చాలా చోట్ల గ్రాఫైట్ అయింది. బట్టీలో ఇటుక కరగకుండానే గట్టిపడడం చూసినవారికి ఇది వింతగా తోచదు.

ఇక్కడే మరో రాయి తికమక పెడుతుంది. ఆకుపచ్చ నీలం కలిసిన ముదురు రంగు, కొంచెం జిడ్డు మెరుపు ఉన్నది చార్నోకైట్. గట్టి నల్లరాయి కనబడితే చాలు, గ్రానైట్ అనేసే వ్యాపారుల మాట ఈ పాఠంలో చెల్లదు.

నియమగిరిలో రెండు రకాల మార్పులూ ఒకే కొండలో ఉన్నాయి. లోపలి ఖోండలైట్ రూపాంతరం వల్ల ఏర్పడింది. నెత్తిన ఉన్న బాక్సైట్ మాత్రం, అదే రాతిలోని సిలికాను వాన నీరు యుగాల తరబడి కరిగించి తీసుకుపోగా మిగిలిన అల్యూమినియం ఖనిజం. అది శైథిల్యం పని. పరీక్షల్లో పిల్లలు ఎక్కువగా తప్పేది ఇక్కడే.

వచ్చే పాఠానికి అభ్యాసం: మీ ఊరి వాగులోంచి మూడు రాళ్లు తెచ్చి, ఒక్కోదానికి రంగు, గింజలు, గీత పడిందా లేదా, చారలు ఉన్నాయా అనేవి నోటుపుస్తకంలో రాయండి. పేరు చివర రాయండి, ముందు కాదు. రాయి పగలగొట్టాల్సి వస్తే కళ్లకు అద్దాలు పెట్టుకోండి. గుడి రాళ్ల జోలికి మాత్రం పోకండి. కోణార్క్ ఆలయంలో అధిక భాగం ఖోండలైటే, అసలే ఉప్పుగాలికి అరిగిపోతోంది.